పైకప్పంతా అద్దమే ఉన్న కారు: చంద్రపూర్ ఎండల్లో చల్లగా ఉంచేదెలా?

పేపర్‌మిల్_కాలనీ (బల్లార్‌పూర్)

అందరికీ నమస్కారం. కారు ఎలక్ట్రిక్‌ది, పైకప్పంతా ఒకే అద్దం. అది తెరుచుకోదు, దాని కింద కంపెనీ తెర కూడా ఇవ్వలేదు. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా బల్లార్షా స్టేషన్ దగ్గర ఎండలోనే ఉంటుంది. ఏసీ 18లో పెడితే ముఖానికి చలి వేస్తుంది, నడినెత్తి మాత్రం మాడుతూనే ఉంటుంది. ఇలా ఎందుకవుతుంది? సన్ ఫిల్మ్ వేయించాలా, లోపల తెర చాలా, బయట కవర్ కప్పాలా? వెనక సీట్లో నాలుగేళ్ల పాప కూర్చుంటుంది. అందుకని ఖర్చుకు వెనకాడను గానీ, పనికొచ్చేదే చేయించాలి.

గోదారిగట్టు (సిరోంచ)

నెత్తి సంగతి ముందు చెప్తాను, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. ఏసీ చల్లబరిచేది గాలిని. మీ నెత్తిని మాడ్చేది గాలి కాదు, అద్దం నుంచి సూటిగా దిగే సెగ. పొయ్యి ముందు కూర్చుని ఫ్యాన్ వేసుకుంటే గాలి తగులుతుంది, పొయ్యి సెగ మాత్రం ఆగదు కదా, ఇదీ అంతే. అద్దం లోపలి ముఖం 60 డిగ్రీలకు చేరితే, 35 డిగ్రీల మన చర్మం మీదికి చదరపు మీటరుకు 150 వాట్లకు పైగా సెగ దిగుతుంది. ఏసీ 16కు తగ్గించినా ఈ లెక్క పెద్దగా మారదు. అద్దాన్నే చల్లగా ఉంచాలి, లేదా అద్దానికీ తలకూ మధ్య ఏదైనా అడ్డం పెట్టాలి.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. చంద్రపూర్ దాదాపు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 20కి అటూ ఇటూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, గడియారంలో 12 దాటి పది నిమిషాలకు. జులై మూడో వారం తర్వాత మళ్ళీ వస్తాడు గానీ అప్పటికి మబ్బులుంటాయి. అంటే రోహిణి కార్తెలో, ఇక్కడి మరాఠీ వాళ్ళు నవతపా అనే ఆ రోజుల్లో, మిట్టమధ్యాహ్నం కారును ఏ దిక్కుకు తిప్పి నిలిపినా పైకప్పుకు పూర్తి దెబ్బే. చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు. 1.2 చదరపు మీటర్ల నల్లటి అద్దం దాంట్లో 30 శాతం లోపలికి వదిలినా 360 వాట్లు, అంటే సగం వేడిలో పెట్టిన ఇస్త్రీపెట్టెను నెత్తి మీద వేలాడదీసినట్టు.

ఫిల్మ్ వేయించాలా వద్దా అన్నది మీ అద్దాన్ని బట్టి ఉంటుంది. దీన్ని మీరే తేల్చుకోవచ్చు. కారును గంటసేపు నీడలో ఉంచి అద్దం చల్లబడనివ్వండి. మధ్యాహ్నం 12కు ఎండలోకి తెచ్చి, వెంటనే అద్దానికి జానెడు కింద అరచెయ్యి చాపండి. క్షణాల్లో చురుక్కుమంటే ఎండ అద్దాన్ని దాటి నేరుగా వస్తోందన్నమాట, అప్పుడు మంచి ఫిల్మ్ పనికొస్తుంది. మొదట ఏమీ తెలియక పది పదిహేను నిమిషాలకు మెల్లగా సెగ మొదలైతే, అద్దమే ఎండను మింగి వేడెక్కి కిందికి చిమ్ముతోంది. అలాంటి అద్దానికి లోపలివైపు ఫిల్మ్ పెద్దగా సాయం చేయదు. దానికి తెర కావాలి, నిలిపినప్పుడు బయటి కవర్ కావాలి.

ఫిల్మ్‌పని (చంద్రపూర్)

గోదారిగట్టు గారు చెప్పిన అరచెయ్యి పరీక్ష సరైనదే. షాపుకు వచ్చేముందు అందరూ అది చేసుకుని వస్తే మాకూ వాదన తప్పుతుంది. ఫిల్మ్ కొనేవాళ్ళు మాత్రం ఒక అంకె దగ్గర మోసపోతున్నారు.

ఎండలో ఉండే శక్తిలో సుమారు సగం పరారుణం, అంటే ఐఆర్. 40 శాతానికి కాస్త ఎక్కువ కంటికి కనిపించే వెలుగు. మిగిలిన 5 శాతం దాకా అతినీలలోహితం. డబ్బా మీద “ఐఆర్ 97 శాతం ఆపుతుంది” అని ఉంటే అది ఐఆర్ భాగం గురించే. అది కూడా తరచు 900 నుంచి 1000 నానోమీటర్ల దగ్గర మాత్రమే కొలిచి వేసిన అంకె. మీరు అడగాల్సింది టీఎస్‌ఈఆర్, అంటే మొత్తం ఎండ శక్తిలో ఎంత శాతం లోపలికి రాకుండా ఆగుతుందో చెప్పే అంకె. తెల్లటిది, అంటే రంగు లేకుండా పారదర్శకంగా ఉండే ఫిల్మ్ ఐఆర్ మొత్తాన్ని ఆపినా టీఎస్‌ఈఆర్ 50, 55 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే కనిపించే వెలుగులో కూడా వేడి ఉంది. కాబట్టి తెల్లటి ఫిల్మ్ చూపించి “వేడి 95 శాతం ఆగుతుంది” అంటే రెండు అంకెల్ని కలిపేస్తున్నారన్నమాట.

హీట్ ల్యాంప్ డెమోను నమ్మి డబ్బు కట్టొద్దు. దీపం ముందు చెయ్యి పెట్టి పది సెకన్లు చూపిస్తారు. వేడిని మింగే ఫిల్మ్ కూడా ఆ పది సెకన్లు చల్లగానే ఉంటుంది. ఐదు నిమిషాలు అలాగే ఉంచమనండి. ఫిల్మ్ వేడెక్కి తిరిగి చిమ్మడం మొదలయ్యాక చేతికే తెలిసిపోతుంది.

మెటలైజ్డ్ (లోహపు పొర ఉన్న) రకం వద్దు, జీపీఎస్ యాంటెన్నా కప్పు కిందో డ్యాష్‌బోర్డులోనో ఉంటే సిగ్నల్ బలహీనపడొచ్చు. సెరామిక్ రకం తీసుకోండి.

పని ఉదయం 8 లోపే మొదలుపెట్టించాలి, మూసిన షెడ్డులో. ఎండ ఎక్కాక అద్దం మీద చల్లిన సబ్బునీళ్ళు (లీటరుకు బేబీ షాంపూ నాలుగైదు చుక్కలు) నిమిషంలో ఆరిపోతాయి, ఫిల్మ్ జరగదు, ముడతలు పడతాయి. అంచుల్లో నల్ల చుక్కల పట్టీ మీద ఫిల్మ్ పూర్తిగా అంటుకోదు, తెల్లటి గీతలా కనిపిస్తుంది. అది పనిలో లోపం కాదు, చుక్కలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అలా ఉంటుంది. లోపల నీటి బుడగలు ఈ ఎండల్లో ఒకటి రెండు వారాల్లో పోతాయి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ముట్టించకండి.

గోదారిగట్టు (సిరోంచ)

ఒక్కటి కలపాలి, ఇది చాలామంది చెప్పరు. అద్దం మూలన ఉన్న ముద్ర చూడండి, టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) అని ఉందా, లామినేటెడ్ (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది) అని ఉందా అని. లామినేటెడ్ కప్పుకు వేడిని మింగే ముదురు ఫిల్మ్ లోపల అతికిస్తే నడిమధ్య బాగా వేడెక్కుతుంది, ఫ్రేము కిందున్న అంచులు మాత్రం చల్లగా ఉంటాయి. నడుము సాగాలని చూస్తుంది, అంచులు పట్టి ఉంచుతాయి, ఆ లాగుడంతా అంచు మీద పడుతుంది. అంచులో రాయి తగిలిన చిన్న పెచ్చు ఒక్కటి ఉన్నా పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. కాబట్టి ఫిల్మ్ వేయించే ముందు నాలుగు అంచులూ టార్చితో వెతకండి. ఫిల్మ్ వేశాక పగిలితే కారు వారంటీ చెల్లుతుందా లేదా అన్నది కంపెనీ సర్వీసు సెంటరు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మోడరేటర్

చట్టం గురించి అడిగేవాళ్ళు వస్తారు కాబట్టి ఇక్కడే చెప్తున్నాను. కేంద్ర మోటారు వాహనాల నియమావళి రూల్ 100 ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుగు, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం రావాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాల మీద నల్ల ఫిల్మ్ అతికించడాన్నే నిషేధించింది. తర్వాత నియమాలు మారాయి. వెలుగు శాతాలు పాటిస్తే ఫిల్మ్ వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ చెక్‌పోస్టు దగ్గర నిలబడి వాదించడం కష్టం. బల్లార్షా నుంచి ఆసిఫాబాద్ వైపు, సిరోంచ నుంచి కాళేశ్వరం వైపు రాష్ట్రం దాటి తిరిగేవాళ్ళు పక్క అద్దాలకు ఫిల్మ్ ఆలోచన మానుకుంటేనే నయం. పైకప్పుకైనా సరే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఫిల్మ్ బిల్లూ వెలుగు శాతం చూపే పత్రమూ కారులో పెట్టుకోండి.

కుట్టుపని (రాయగడ)

ఇక్కడ రెడీమేడ్ జాలీ తెర కొనమని ఎవరూ చెప్పకముందే ఒక మాట. నల్ల జాలీ తెర వెలుగు తగ్గిస్తుంది, సెగ అంతగా తగ్గించదు. నల్లటిది కాబట్టి అదే వేడెక్కి కూర్చుంటుంది. పైగా దాని చుట్టూ ఉన్న స్ప్రింగు తీగ రెండు వేసవులకే బిగువు తప్పుతుంది, నడుము జారి డ్రైవరు తల మీదికి వేలాడుతుంది. కుట్టించుకుంటే నాలుగైదేళ్ళు నడుస్తుంది బాబూ, ఇలాగ చేయించండి.

సామాను: రెండు వైపులా అల్యూమినియం ఉన్న 4 మి.మీ. బబుల్ ఫాయిల్, 1.2 మీటర్ల పన్నాలో 2 మీటర్లు. దీన్ని రేకుల షెడ్ల కింద వేసే ఇన్సులేషన్ అని అడగండి, హార్డ్‌వేర్ షాపుల్లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. అంచుకు 25 మి.మీ. పైపింగ్ పట్టీ 7 మీటర్లు. 3 మి.మీ. ఫైబర్ కడ్డీ 6 మీటర్లు, గాలిపటాల సామాన్లు అమ్మే చోటో గుడారాల షాపులోనో దొరుకుతుంది. కింది వైపుకు లేత బూడిదరంగు గుడ్డ 2 మీటర్లు.

బ్రౌన్ పేపరును అద్దానికి లోపల నుంచి ఆనించి, అద్దం అంచు వెంట గోటితో మడత గీయండి. ముందు భాగం ఎటో పేపరు మీద రాయండి, తిరగేసి కోస్తే మొత్తం పాడు. అద్దం మధ్యలో అడ్డపట్టీ ఉంటే రెండు ముక్కలుగా చేయాలి. ఒకే ముక్కగా చేస్తే మడిచి డిక్కీలో పెట్టడం కుదరదు, మడత పడిన చోట ఫాయిల్ పొర చిట్లుతుంది. మడత గీతకు చుట్టూ 8 మి.మీ. ఎక్కువ వదిలి కోయండి. ఆ 8 మి.మీ. బిగువే తెరను నిలబెడుతుంది. ఎక్కువ వదిలితే ఉబ్బి కిందికి వస్తుంది, తక్కువైతే గతుకు రోడ్డు మీద రాలుతుంది.

తర్వాత ఫాయిల్, గుడ్డ కలిపి పట్టీ కుట్టి, పట్టీలోపల కడ్డీ దూర్చాలి. మూలల దగ్గర కడ్డీని ఒకే ముక్కగా వంచకండి, మధ్యాహ్నం వేడికి వంపు దగ్గర చీలికలు లేస్తాయి, చేతికి గుచ్చుకుంటాయి. మూల మూలకు ముక్క కోసి, చివరలకు సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగి కలపండి. కుట్టు మిషను సూది 16 నంబరు, కుట్టు పొడవు 4 మి.మీ. దగ్గరగా కుడితే ఫాయిల్ కాగితం స్టాంపులా చిరిగిపోతుంది.

డబుల్ టేపు, సక్షన్ కప్పులు రెండూ వద్దు. 60 డిగ్రీలు దాటాక టేపు జిగురు కరిగి కప్పు గుడ్డకు పడుతుంది, మళ్ళీ వదలదు. సక్షన్ కప్పులు మధ్యాహ్నానికే ఊడిపోతాయి.

గోదారిగట్టు (సిరోంచ)

కుట్టుపని గారూ, చక్కగా చెప్పారు. రెండు సవరణలు. మెరిసే ఫాయిల్ సెగను తిప్పికొట్టాలంటే అద్దానికీ దానికీ మధ్య గాలి ఉండాలి. అద్దానికి అంటుకుని ఉంటే వేడి తాకిడితోనే దిగుతుంది, మెరుపు ఉన్నా లేనట్టే. తెర పై ముఖానికి నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, 10 నుంచి 15 మి.మీ. మందం స్పాంజి ముక్కలు అతికించండి. అద్దానికి అతికించకండి.

రెండోది ప్రాణాలతో పనున్న విషయం. తలుపుల పైన కప్పు అంచులో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. తెర పట్టీ గానీ క్లిప్పు గానీ ఆ పక్క అంచు ప్లాస్టిక్ సందులోకి దూర్చకూడదు. ముందు, వెనక అంచుల్లోనే పట్టు ఇవ్వండి, పక్కల అద్దం గాడిలోనే ఆగాలి. బ్యాగు విచ్చుకునే దారిలో కడ్డీ ఉంటే అది పాప ముఖం మీదికి వస్తుంది.

అహేరి_రోడ్డు (అహేరి)

తడి గోనెసంచులు కప్పు మీద పరిస్తే? ఇక్కడ కూలర్లు అలాగే పని చేస్తాయి కదా.

గోదారిగట్టు (సిరోంచ)

ఆలోచన తప్పు కాదు. మన పొడి గాలికి ఆవిరి చల్లదనం బాగా వస్తుంది, వట్టివేళ్ళ కూలర్ ఇక్కడ ఊరూరా నడవడానికి కారణం అదే. లీటరు నీరు ఆవిరైతే మూడింట రెండొంతుల యూనిట్ కరెంటంత వేడి పోతుంది. కానీ మధ్యాహ్నం ఆ గోనె గంటలోపే ఎండిపోతుంది, ఎండిన గోనె వేడిని పట్టి ఉంచే దుప్పటి అవుతుంది. గంటగంటకూ తడిపే మనిషి ఉంటేనే పని. ఇక 70 డిగ్రీల అద్దం మీద చన్నీళ్ళు పోయడం అస్సలు చేయకండి, పైన చెప్పిన అంచు పగులుకు అదే దగ్గరి దారి. వేయాలనుకుంటే పొద్దున అద్దం చల్లగా ఉన్నప్పుడే తడి గుడ్డ వేయాలి. బోరు నీళ్ళైతే సున్నపు మరకలు కాలి పట్టుకుంటాయి. అవి పోవాలంటే తెల్ల వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి, గుడ్డతో పది నిమిషాలు నానబెట్టి తుడవాలి, అదీ నీడలోనే.

కంప్రెసర్ (రాజురా)

కప్పు గురించి ఇంత మాట్లాడిన్రు, ముందర అద్దం సంగతి ఎవ్వరూ తియ్యలే. నిలిపిన కారుల ఎక్కువ ఎండ వచ్చేది దాంట్లకెల్లే. ఇప్పటి కార్లకు ముందర అద్దం బాగ పడుకొని ఉంటది, నడినెత్తి సూర్యునికి అది గూడ సగం కప్పే. పైగ 70 శాతం వెలుగు పోవాలన్న రూలు, అంటే లేత అద్దం. కప్పు అద్దం నల్లగ ఉంటది కాబట్టి అంతకన్న తక్కువ వదుల్తది. అందుకని ముందర అద్దానికి వెండి తెర పెట్టనిది కప్పుకు ఎంత ఖర్చు పెట్టినా కారు భట్టీనే. గొడుగు లెక్క విచ్చుకునేవి వస్తయి, పర్లేదు, కానీ గొడుగు కాడ డ్యాష్‌బోర్డు స్క్రీన్‌కు తాకకుండ చూసుకోవాలె, వేడికి మెత్తబడ్డ స్క్రీన్ మీద గీత పడ్తది.

ఇగ ఏసీ. తలుపు తీయంగనే లోపల కూర్చోవద్దు. ఎడమ దిక్కు అద్దం ఒకటి దించి, కుడి తలుపు ఐదారుసార్లు తెరిచి మూయాలె. లోపలి మండే గాలి బయటికి తోసుకపోతది. ఏసీ ఫుల్ పెట్టి, అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడపాలె. అప్పుడు బటన్ బయటి గాలి మీద ఉండాలె. లోపల 65, బయట 45 ఉన్నప్పుడు లోపలి గాలినే తిప్పుకుంట కూర్చుంటె ఎవరికి లాభం? లోపల బయటికన్న చల్లగ అయినంక అద్దాలు ఎక్కించి రీసర్క్యులేషన్ నొక్కాలె. మొదలే నొక్కుతరు చాలమంది, అదే తప్పు. వెంట్లు కొంచెం పైకి పెట్టాలె, చల్లగాలి తనంతట తనే దిగుతది. దూరం పోయేటప్పుడు అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి ఇయ్యాలె, లేకపోతె నిద్ర మబ్బు వస్తది.

మన దిక్కు బొగ్గు దుమ్ము, సిమెంటు దుమ్ము. కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలేది) ముందర రెక్కల మధ్యల అది ఇరుక్కపోతది, ఏసీ మధ్యాహ్నం పూట సరిగ పని చెయ్యదు, పొద్దుగాల మంచిగనే ఉంటది. ఈ గుర్తు కనబడితే గ్యాసు తక్కువున్నదని చెప్పి నింపిస్తరు. ముందు కడగాలె. ఇంజను చల్లారినంక, తోట పైపుతో, రెక్కలు నిలువుగ ఉంటె నిలువుగనే నీళ్ళు కొట్టాలె. ప్రెషర్ వాషర్ దగ్గర పెడితె రెక్కలు వంగి దారులు మూసుకపోతయి. క్యాబిన్ ఫిల్టర్ 10,000 కి.మీ.కు అని రాసి ఉంటది, ఘుగ్గుస్, గడ్‌చాందూర్ రోడ్ల తిరిగేటోళ్ళు 5,000కే తీసి చూడాలె.

గ్యాసు కొత్త కార్లకు తూకం లెక్కనే ఎక్కించాలె. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్ల రాసి ఉంటది, గ్యాసు రకం గూడ. పాత ఆర్134ఎ వేరు, కొత్త ఆర్1234వైఎఫ్ వేరు, కలపొద్దు. ఎక్కువ పోస్తె ప్రెషర్ పెరిగి కంప్రెసర్ కట్ అయితది, ఇంక తక్కువ చల్లబడ్తది. ఎలక్ట్రిక్ బండ్లకు కంప్రెసర్ ఆయిల్ గూడ వేరే, కరెంటు దాటనియ్యని రకం. ఆ పని తెలిసినోళ్ళ తానకే పోవాలె.

బరంపురం_ఈవీ (బరంపురం)

కంప్రెసర్ గారు చెప్పింది చంద్రపూర్ పొడి ఎండకు సరిగ్గా సరిపోతుంది. మా ఒడిశా గంజాం తీరంలో ఒక మార్పు అవసరం. ఇక్కడ ఎండ 38, 40 దగ్గర ఉన్నా గాలి నిండా తేమ. బయటి గాలి ఎక్కువసేపు లాగితే ఏసీ శక్తిలో పెద్ద భాగం ఆ తేమను నీరుగా మార్చడానికే పోతుంది. అద్దాలు దించి అర నిమిషం తోలి, వేడి గాలి పోగానే రీసర్క్యులేషన్‌కు వెళ్ళాలి. ముందు అద్దం మీదికి చల్లగాలి మళ్ళించకూడదు, బయటివైపు మంచు పట్టి దారి కనిపించదు.

పేపర్‌మిల్_కాలనీ గారికి ఈవీ కాబట్టి ఒక వెసులుబాటు ఉంది. బయలుదేరే పది నిమిషాల ముందు ఫోను నుంచి ఏసీ వేసుకోవచ్చు. సుమారు అర యూనిట్ ఖర్చవుతుంది, అంటే నాలుగు కిలోమీటర్ల దూరమంత. ఛార్జరుకు తగిలించి ఉన్నప్పుడు వేస్తే బ్యాటరీ కూడా తగ్గదు. కొన్ని కార్లలో నిలిపినప్పుడు లోపలి వేడి హద్దు దాటకుండా చూసే అమరిక ఉంటుంది, టెస్లాలో దాన్ని 40 డిగ్రీల దగ్గర పెట్టుకోవచ్చు. స్టేషన్ దగ్గర తొమ్మిది గంటలు అది నడవాలనుకుంటే బ్యాటరీ లెక్క చూసుకోండి. బయట కవర్ కప్పితే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది.

కిటికీకి తగిలించే సోలార్ ఫ్యాన్ కొనకండి. దాని పలక ఒకటి రెండు వాట్లది, లోపలికి వచ్చేది వందల వాట్లు.

పేపర్‌మిల్_కాలనీ (బల్లార్‌పూర్)

అరచెయ్యి పరీక్ష చేశాను. మొదట ఏమీ తెలియలేదు, పన్నెండు నిమిషాలకు సెగ మొదలైంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే అద్దం లోపలివైపు 61, దాని కింద ఫాయిల్ ముక్క పెట్టి చూస్తే ఫాయిల్ 34. అంటే ఫాయిల్ అంత చల్లగా ఉన్నట్టేనా?

గోదారిగట్టు (సిరోంచ)

61 నిజమే. 34 నిజం కాదు. మెరిసే లోహం తన వేడిని చాలా తక్కువగా చిమ్ముతుంది, ఆ థర్మామీటరు ఫాయిల్‌లో ప్రతిబింబించే చుట్టుపక్కల వేడినే చదువుతుంది. ఫాయిల్ మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు అంగుళం ముక్క అతికించి, ఐదు నిమిషాలాగి టేపు మీద కొలవండి. 45 నుంచి 50 మధ్య వస్తే తెర బాగా పని చేస్తున్నట్టే.

పరీక్ష ప్రకారం మీ అద్దం వేడిని మింగే రకం. ఫిల్మ్ డబ్బు మిగుల్చుకుని తెరకూ బయటి కవర్‌కూ పెట్టండి. ఎండ అద్దాన్ని తాకకముందే ఆపేది కవర్ ఒక్కటే. కప్పు, ముందు, వెనక అద్దాలను కప్పే వెండిరంగు సగం కవర్ చాలు. లోపలివైపు మెత్తటి గుడ్డ ఉండాలి. అయస్కాంతం కవర్లు అద్దం మీద నిలవవు, తలుపు సందులో ఇరికించే చెవులున్నవి తీసుకోండి, లేకుంటే మధ్యాహ్నం వడగాలికి ఎగిరిపోతాయి.

చెట్టు నీడ దొరికితే వేప, కానుగ, చింత చూసుకోండి. మన దగ్గర టేకు ఎక్కువ గానీ ఏప్రిల్, మేలో అది ఆకు రాల్చి నిలబడుతుంది, అల్లాపల్లి అడవి రోడ్డు పొడుగునా చూడండి, కింద గీతల నీడే తప్ప చల్లదనం ఉండదు. మామిడి కింద జిగురు కారుతుంది. నీడ మధ్యాహ్నం తర్వాత తూర్పుకు జరుగుతుంది కాబట్టి సాయంత్రం దాకా నిలిపే కారును మానుకు తూర్పు పక్కన పెట్టండి, మధ్యాహ్నానికి కొమ్మల కిందే ఉండేంత దగ్గరగా.

తెరిచేకప్పు (గడ్చిరోలి)

తెరుచుకునే కప్పు ఉన్నవాళ్ళు దుమ్ముతో పాటు జూన్ వానను కూడా లెక్కపెట్టాలి కదా?

కంప్రెసర్ (రాజురా)

అవును. కప్పు నాలుగు మూలల నీళ్ళు దిగే గొట్టాలు ఉంటయి. ఎండకాలం దుమ్ము వాటిల్ల ముద్దయితది, మొదటి వానకు నీళ్ళు లోపలి దీపంలకెల్లి కారుతయి. మే ఆఖరుకల్లా మూల మూలకు 100 మి.లీ. నీళ్ళు మెల్లగ పోసి చూడాలె. ముందర గొట్టాలు తలుపు కీలు దగ్గరనో చక్రం దగ్గరనో వదుల్తయి. రాకపోతె గడ్డి కోసే మిషన్ల వాడే 2 మి.మీ. నైలాన్ తీగ మెల్లగ దూర్చాలె. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, గొట్టం లోపల ఊడిపోతది, కప్పు గుడ్డ మొత్తం దించాల్సి వస్తది. రబ్బరుకు సిలికాన్ గ్రీజు, పట్టాలకు దుమ్ము తుడిచినంకనే గ్రీజు. పెట్రోలు, కిరసనాయిలు ముట్టించొద్దు, రబ్బరు ఉబ్బుతది.

పేపర్‌మిల్_కాలనీ (బల్లార్‌పూర్)

టేపు అతికించి కొలిస్తే 48 వచ్చింది. బబుల్ ఫాయిల్ తెచ్చాను, ముందు అద్దానికి తెర కూడా. రేపు కవర్ కొంటాను. పాప సీటుకు వేరే ఏమైనా చేయాలా? కవర్ ఉంటే పాపను రెండు నిమిషాలు కారులో కూర్చోబెట్టి టికెట్ తేవడానికి వెళ్ళొచ్చా?

గోదారిగట్టు (సిరోంచ)

వద్దమ్మా, రెండు నిమిషాలకైనా వద్దు. కవర్, తెర ఉన్నా కారు లోపల బయటికన్నా వేడిగానే ఉంటుంది, బయటే 45. పిల్లల ఒంటి వేడి పెద్దవాళ్ళకన్నా చాలా త్వరగా పెరుగుతుంది. అద్దాలు వేలెడు దించి ఉంచినా పెద్ద తేడా ఉండదని 2005లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు కొలిచి చూశారు. గంటలో పెరిగే వేడిలో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది.

పాప సీటు మీద తెల్ల కాటన్ దుప్పటి మొత్తం కప్పి కారు వదలండి. కూర్చోబెట్టే ముందు బకిల్ లోహపు నాలుకను మీ ముంజేతికి ఆనించి చూడండి, మూడు సెకన్లు ఆనించలేకపోతే దాని మీద తడి గుడ్డ నిమిషం ఉంచండి. సెంటు డబ్బాలు, లైటరు, పవర్ బ్యాంకు, శానిటైజర్ ఏవీ కారులో ఉండకూడదు.

కుట్టుపని (రాయగడ)

అమ్మా, తెర వెనక ముక్క పాప నెత్తి మీదిది కాబట్టి దానికి కింద గుడ్డ రెండు పొరలు వేయించండి. ఫాయిల్ కోసేముందు బ్రౌన్ పేపరు ముక్కను కారులో పెట్టి ఒక రోజు తిరగండి. ఎక్కడ జారుతుందో అక్కడే 2 మి.మీ. పెంచాలి.

ఫిల్మ్‌పని (చంద్రపూర్)

కవర్ కప్పే ముందు రోజూ అద్దం మీద దుమ్ము ఈకల బ్రష్‌తో ఊడ్చేయండి, గుడ్డతో రుద్దకండి. బొగ్గు నలుసు గీత పడితే పాలిష్‌కు కూడా పోదు. సాయంత్రం కవర్ తీసేటప్పుడు దులిపి, బయటి ముఖం లోపలికి రాకుండా మడవండి.